“నీరసం” అనకండి, “తొమ్మిది కిలోలు” అనండి

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది సోంపేట దగ్గర పల్లెటూరు. మా ఆయన తాపీ మేస్త్రీ, 47 ఏళ్ళు. పదేళ్ళుగా హైదరాబాదులో బిల్డింగ్ పనులకి వెళ్తూ పండక్కి వచ్చి పోతుంటారు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు కళ్ళంలో ధాన్యం తూచే కాటా మీద అందరూ సరదాగా ఎక్కితే ఈయన 68 కిలోలు తూగారు. ఏప్రిల్‌లో ఇక పని చేయలేనని వచ్చేశారు. పోయిన వారం తూస్తే 59. బెల్టుకి మేకుతో రెండు కొత్త కన్నాలు పెట్టుకున్నారు. అన్నం తింటారు గానీ మునుపటి రుచి లేదంటారు. సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడుతుంది. దగ్గు ఉంది, బీడీ దగ్గే అంటారు. రాత్రి రెండు మూడు సార్లు మూత్రానికి లేస్తారు. మోకాళ్ళ నొప్పులకి ఎప్పటినుంచో బిళ్ళలు వాడుతున్నారు. ఊళ్ళో ఆర్ఎంపీ గారు మూడు గ్లూకోజ్ సీసాలు ఎక్కించారు, సీసాకి మూడొందలు. రెండు రోజులు బాగుంది, మళ్ళీ మామూలే. విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఫుల్ బాడీ చెకప్ 18 వేలన్నారు. మాకు ఇన్సూరెన్స్ లేదు. నా గొలుసు తాకట్టు పెడదామంటే ఈయన ఒప్పుకోవడం లేదు. “నాకేటవలేదు, ఉభాలు (వరినాట్లు) అయ్యాక సూద్దాం” అంటారు. తెలిసిన ఏజెంటు ఒకాయన ముందు పాలసీ కట్టేయండి, టెస్టులు తర్వాత చేయించుకోండి అంటున్నాడు. మా అత్తగారు దిష్టి అని రోజూ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేస్తారు. ఆవిడేమో అడ్డపొగ చుట్ట (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) కాలుస్తూనే కొడుకుని బీడీ మానమంటారు. ఇరవై కిలోల రేషన్ బియ్యం సంచి కూడా ఎత్తలేకపోతున్నారు, నేనే మోసుకొస్తున్నాను. గొలుసు తాకట్టు పెట్టమంటారా?

జవాబు: గొలుసు మెడలోనే ఉంచుకోండమ్మా. ఉభాలు అయ్యేదాకా మాత్రం ఆగకండి.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట ఆ ధాన్యం కాటా. సంక్రాంతికి 68, ఇప్పుడు 59. ఆర్నెల్లలో తొమ్మిది కిలోలు. ప్రయత్నం లేకుండా, ఉపవాసాలూ నడకలూ లేకుండా ఆరు నెలల నుంచి ఏడాదిలోపు ఒంటి బరువులో ఐదు శాతం పోయిందంటే డాక్టరు కూర్చుని కారణం వెతకాలి. మీ ఆయన లెక్కలో ఐదు శాతం అంటే మూడున్నర కిలోలు కూడా లేదు. ఆయన పదమూడు శాతం పోగొట్టుకున్నారు. దీన్ని ఎండ మీదకీ, పని లేని దిగులు మీదకీ తోసేయడానికి వీల్లేదు.

నా సంగతి ఒకటి చెప్తాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక ఏరియా ఆసుపత్రిలో రోజుకి నూటయాభై మందిని చూసేదాన్ని. ఒకాయన వచ్చి “నీరసం అమ్మా” అన్నాడు. బీ కాంప్లెక్స్ రాశాను. పదిహేను రోజులకి మళ్ళీ వచ్చాడు, మళ్ళీ నీరసమే. ఐరన్ రాశాను. మూడోసారి టానిక్. నాలుగోసారి భార్య కూడా వచ్చింది. ఆవిడ ఏమీ మాట్లాడకుండా అతని చొక్కా పైకెత్తి బెల్టు చూపించింది. అసలు కన్నాలు ఐదు, దాటి మేకుతో పొడిచినవి మూడు. చివరి కన్నం నుంచి బెల్టు తోక నడుము చుట్టూ తిరిగి వెనక్కి వచ్చింది. ఆ రోజు తూయించాను, అంతకుముందు ఒక్కసారి కూడా తూయించలేదు. షుగర్ 380 ఉంది. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగం టీబీతో నిండిపోయి ఉంది. అతను బతికాడు, బాగానే ఉన్నాడు. కానీ ఆ రెండు నెలలు నా వల్ల పోయాయి. మీ ఉత్తరంలో బెల్టు మాట చదవగానే అతనే గుర్తొచ్చాడు.

అందుకే ఓపీలో కూర్చోగానే “నీరసం, ఆకలి లేదు, ఒళ్ళు నొప్పులు” అని మొదలుపెట్టకండి. ఆ మాటలు రోజుకి వందసార్లు వినే డాక్టరు చెయ్యి తనంతట తానే టానిక్ రాసేస్తుంది. “సార్, జనవరిలో 68 కిలోలు, ఇప్పుడు 59. తగ్గించుకోవాలని ఏమీ చేయలేదు. సాయంత్రం జ్వరం, దగ్గు, రాత్రి మూడుసార్లు మూత్రం” అనండి. చీటీ మీద రాసుకెళ్ళండి. అంకె వింటే చెయ్యి టెస్టుల వైపు పోతుంది.

ఇక డబ్బు సంగతి. మీరు “మాకు ఇన్సూరెన్స్ లేదు” అని రాశారు. అదే ఉత్తరంలో చివర్న రేషన్ బియ్యం మోసుకొస్తున్నానని కూడా రాశారు. అమ్మా, ఆ బియ్యం కార్డే మీ ఇన్సూరెన్స్. ఆ కార్డు మీద ఉచితంగా వైద్యం చేసే పథకం 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీ అని మొదలైంది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారుతూ వచ్చి ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నాం. పేరు ఏదైనా మీలాంటి కుటుంబాల కోసం పెట్టిందే. మన జిల్లాలో చాలామంది ఇన్సూరెన్స్ అంటే ఏజెంటు ఇచ్చే ప్లాస్టిక్ కార్డు అనుకుంటారు, ఇంట్లో ఉన్నదాన్ని లెక్కలోకి తీసుకోరు.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఆ పథకం జబ్బు పేరు తేలాక, ఆసుపత్రిలో చేర్చి చేసే చికిత్సకి బాగా పనికొస్తుంది. ఆపరేషన్, కీమోథెరపీ, డయాలసిస్ లాంటివి. ఏ జబ్బో తెలియక ముందు ఓపీలో తిరిగే టెస్టులకి ప్రైవేటులో చాలాసార్లు చేతి డబ్బులే పెట్టాలి. మనవాళ్ళు అప్పులపాలయ్యేది సరిగ్గా అక్కడే. పేరు తెలియని జబ్బు కోసం పెద్ద ఆసుపత్రికి వెళ్ళి, ప్యాకేజీ కట్టి, ఇంటికొచ్చేసరికి చేతిలో లావుపాటి ఫైలు ఉంటుంది, జవాబు ఉండదు. కాబట్టి పేరు తేలేదాకా ప్రభుత్వ ఆసుపత్రిలో తిరగండి. అక్కడ ఈ టెస్టులకి డబ్బు తీసుకోరు. పేరు తేలాక కార్డు బయటికి తీయండి.

ఆ 18 వేల ప్యాకేజీ గురించి రెండు మాటలు. దాంట్లో విటమిన్ డి ఉంటుంది, కొలెస్ట్రాల్ ఉంటుంది, గుండె ఎకో ఉంటుంది. మీ ఆయనకి ముందుగా కావాల్సిన, టీబీ కోసం చేసే కళ్ళె పరీక్ష ఉండదేమో. పైగా మీరు ఉద్దానం మనుషులు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు చుట్టూ కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇన్నేళ్ళయినా పూర్తిగా తేలలేదు. ఆ ప్రాంతం మనిషికి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే పరీక్ష) చూడకుండా రంగుమందు ఎక్కించి సీటీ స్కాన్ చేయకూడదు. ఎక్కడికి వెళ్ళినా మొదటి రోజే క్రియాటినిన్ రాయమని అడగండి. మన దగ్గర వచ్చే కిడ్నీ జబ్బు మొదట్లో చప్పుడు చేయదు. కాళ్ళు వాయవు, బీపీ కూడా మామూలుగానే ఉండొచ్చు. ఆకలి పోయి ఒళ్ళు తగ్గేసరికి చాలావరకు జరిగిపోయి ఉంటుంది.

ఆ మోకాళ్ళ నొప్పి బిళ్ళలు ఇవాళే ఆపించండి. ఏ బిళ్ళలో రాయలేదు. మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే నొప్పి బిళ్ళలూ, సూదులూ ఎక్కువ భాగం కిడ్నీకి పడనివే. ఎండలో చెమటలు కక్కుతూ, నీళ్ళు తాగకుండా, రోజూ వాటిని మింగే తాపీ పనివాళ్ళని ఎంతమందిని చూశానో. ఆ బిళ్ళల అట్టలు పారేయకండి, డాక్టరుకి చూపించడానికి కవర్లో వేసి పట్టుకెళ్ళండి. నొప్పి ఆగకపోతే పారాసెటమాల్ చాలు, అదీ లెక్కగా.

గ్లూకోజ్ సీసాల దగ్గరికి వస్తే నాకు కోపం ఆగదు. అర లీటరు సీసాలో మామూలుగా ఎక్కించే ఐదు శాతం గ్లూకోజ్ అంటే 25 గ్రాముల చక్కెర. ఐదారు చెంచాలు. మూడు సీసాలకి తొమ్మిది వందలు పోసి, మీరు పదిహేను చెంచాల చక్కెర నీళ్ళు కొన్నారు. అది పోనీ అనుకుందాం. రాత్రి మూడుసార్లు మూత్రానికి లేచే మనిషికి, షుగర్ ఒక్కసారి కూడా చూడకుండా నరంలోకి చక్కెర ఎక్కించారు. షుగర్ ఉన్నట్టయితే ఏమయ్యేది? ఆర్ఎంపీ గారిని నేను తిట్టను. అర్ధరాత్రి పిలిస్తే వచ్చే మనిషి ఆయనొక్కడే అన్న సంగతి నాకూ తెలుసు. కానీ ఆకలి పుట్టడానికని స్టెరాయిడ్ బిళ్ళలు ఇస్తే మాత్రం తీసుకోవద్దు. వారంలో మొహం నిండుతుంది, “ఒళ్ళొచ్చింది” అని మీ అత్తగారు సంబరపడతారు. లోపల షుగర్ పెరుగుతుంది, టీబీ ఉంటే రెచ్చిపోతుంది. జ్వరానికని బలమైన యాంటీబయాటిక్కులు వేసుకున్నా అంతే. కొన్ని రకాలు టీబీని కొన్నాళ్ళు అణిచిపెట్టి, కళ్ళెలో దొరక్కుండా చేస్తాయి.

మీరు రాసిన లక్షణాలు చూస్తే నా అనుమానం ముందు రెండింటి మీదకి పోతుంది, టీబీ, షుగర్. విడివిడిగానైనా, కలిసైనా. షుగర్ ఉన్నవాళ్ళకి టీబీ రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది, ఒకటి దొరికితే రెండోదాని కోసం కూడా చూస్తాం. సైటు దగ్గర రేకుల షెడ్డులో పదిమంది పక్కపక్కనే పడుకునే పదేళ్ళ జీవితం ఎలాంటిదో మీకు నేను చెప్పక్కర్లేదు. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం వెచ్చబడడం, బరువు పోవడం, ఈ మూడూ కలిస్తే కళ్ళె పరీక్ష చేయకుండా వదిలేయకూడదు. బీడీ దగ్గు అవునో కాదో కళ్ళె చెప్తుంది, ఆయన చెప్పలేరు.

కళ్ళె ఎలా ఇవ్వాలో కూడా చెప్తాను, చాలామంది ఉమ్మి ఇచ్చి వస్తారు. ఉదయం లేవగానే నీళ్ళతో పుక్కిలించి, రెండుసార్లు గట్టిగా ఊపిరి తీసుకుని, లోపలి నుంచి దగ్గి వచ్చిన చిక్కటి కళ్ళెని డబ్బాలో వేయాలి. ఆరుబయట, గాలి తగిలే చోట నిలబడి చేయాలి. వంటింట్లో కాదు. డబ్బా మీ ఊరి ఆశా కార్యకర్త దగ్గరో, విలేజ్ క్లినిక్‌లోనో ఇస్తారు. ట్రూనాట్, సీబీనాట్ అనే మిషన్ల మీద గంటల్లో తేలిపోతుంది. టీబీ అని తేలితే మందులు పూర్తిగా ఉచితం. దానికి ఏ కార్డూ అడగరు. మామూలు టీబీకి ఆరు నెలల కోర్సు. మొదటి రోజుల్లో మూత్రం నారింజ రంగులో వస్తే రక్తమని హడలిపోకండి, అది మందు రంగు. తిండి కోసం నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకి వెయ్యి రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు. 2018లో ఐదొందలతో మొదలైంది, 2024 నవంబరు నుంచి వెయ్యి చేశారు. బ్యాంకు పాసుబుక్కు జెరాక్సు మొదటి రోజే ఇచ్చేయండి, ఆలస్యమయ్యేది దాని దగ్గరే. ఇంట్లో మిగతా వాళ్ళందరికీ కూడా పరీక్ష చేస్తారు. పళ్ళెం, గ్లాసు వేరు పెట్టాల్సిన పని లేదు. గది కిటికీ తెరిచి ఉంచండి, దగ్గేటప్పుడు తువ్వాలు అడ్డం పెట్టుకోమనండి.

షుగర్‌కి పరగడుపున ఒకసారి, తిన్న రెండు గంటలకి ఒకసారి రక్తం తీస్తారు. పరగడుపున 126, తిన్నాక 200, అంతకు మించితే షుగర్ కిందే లెక్క. ఉదయం ఏమీ తినకుండా బస్సెక్కాలి కాబట్టి ఇంటి దగ్గరే ఇడ్లీలో, చద్దన్నమో డబ్బాలో పెట్టి తీసుకెళ్ళండి. మొదటి రక్తం ఇచ్చాక అక్కడే కూర్చుని తినేయొచ్చు. ఆసుపత్రి క్యాంటీన్ దగ్గర పూరీకి పోసే డబ్బు బస్సుకి పనికొస్తుంది.

వీటితోపాటు రక్తం శాతం, ఈఎస్ఆర్, లివర్, క్రియాటినిన్, థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, మూత్ర పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, కడుపు అల్ట్రాసౌండ్. మొదటి విడతకి ఇవి చాలు. థైరాయిడ్ ఆడవాళ్ళ జబ్బు అనుకుంటారు గానీ, చేతులు వణుకుతూ, గుండె దడదడలాడుతూ, బాగా తింటూనే చిక్కిపోయిన మగవాళ్ళని కూడా చూశాను.

ఇంకో పరీక్ష పేరు రాయకుండా దాటేద్దామా అని కాసేపు ఆలోచించాను. హెచ్ఐవీ. ఏళ్ళ తరబడి బయట ఊళ్ళలో పనిచేసి వచ్చిన మనిషి అని కాదు, బరువు తగ్గిన ఎవరికైనా ఇది చేస్తాం, టీబీ తేలితే తప్పకుండా చేస్తాం. ఐసీటీసీ అనే గదిలో ఉచితంగా, గుట్టుగా చేస్తారు. డాక్టరు రాస్తే మీరు ఆయన మొహంలోకి అనుమానంగా చూడకండి. ఆ ఒక్క చూపుతో ఆయన ఆసుపత్రి గేటు మళ్ళీ తొక్కరు.

కాన్సర్ అనే మాట మీరు రాయలేదు, కానీ గొలుసు తాకట్టు వెనకున్న భయం అదేనని నాకు తెలుసు. ఈ వయసులో, బీడీ అలవాటున్న మనిషిలో ఆ అవకాశాన్ని పక్కన పెట్టలేం, అందుకే ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్. ముద్ద గొంతులో అడ్డం పడుతోందా, మలం నల్లగా తారులా పోతోందా, నోట్లో మానని పుండు ఉందా, మెడలో గడ్డలు తగులుతున్నాయా, ఇవి అడిగి చూడండి. ఒక్కటి ఉన్నా డాక్టరుకి ముందే చెప్పండి, ఎండోస్కోపీ లాంటివి అప్పుడు అవసరమవుతాయి. ఒకవేళ అదే అయితే విశాఖలో కేజీహెచ్ ఉంది, అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ భాభా కాన్సర్ ఆసుపత్రి ఉంది. మీ బియ్యం కార్డు అసలు పనికొచ్చేది అలాంటప్పుడే.

మనసు సంగతి కూడా అడగండి. పని పోయింది, చేతిలో డబ్బు లేదు, ఇంట్లో ఊరికే కూర్చోవాల్సొచ్చింది. నిద్ర పట్టకపోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం, “ఎందుకీ బతుకు” అనడం ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు ఖర్చవదు. అయితే టెన్షన్ వల్లే తగ్గారని పై టెస్టులు కాకుండా ఎవరు తేల్చినా ఒప్పుకోకండి.

ఎక్కడికి వెళ్ళాలంటే, ముందు సోంపేట సామాజిక ఆరోగ్య కేంద్రానికే. కళ్ళె, షుగర్, రక్తం, మూత్రం అక్కడ మొదలుపెట్టించండి. అక్కడ కానివాటికి టెక్కలి జిల్లా ఆసుపత్రి, లేదా శ్రీకాకుళంలో మనం ఇప్పటికీ రిమ్స్ అని పిలుచుకునే సర్వజన ఆసుపత్రి. రైలైతే కంచిలి దగ్గర సోంపేట స్టేషన్‌లో ఎక్కి ఆమదాలవలసలో దిగొచ్చు. క్రియాటినిన్ ఎక్కువొస్తే అంత దూరం కూడా అక్కర్లేదు, పలాసలో 2023 డిసెంబరులో తెరిచిన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మీకు దగ్గర. మీ వైపు చాలామంది బరంపురం పరిగెడతారు, దగ్గరే కాబట్టి తప్పు పట్టను. కానీ రాష్ట్రం దాటితే మన కార్డు చెల్లుతుందో లేదో ముందు 104కి ఫోన్ చేసి కనుక్కుని బస్సెక్కండి.

వెళ్ళేముందు ఒక పని. గ్రామ సచివాలయానికి వెళ్ళి కార్డులో ఆయన పేరు ఉందో లేదో, ఆధార్‌తో కలిసిందో లేదో చూపించుకోండి. ఏళ్ళ తరబడి బయట ఉన్నవాళ్ళ విషయంలో తీరా ఆసుపత్రిలో చేరాక ఇంటిపేరులో అక్షరం తేడా అనో, వేలిముద్ర పడలేదనో తిప్పలు పడడం చూశాను. పెద్ద ఆసుపత్రుల్లో పథకం కోసం ప్రత్యేకంగా ఒక బల్ల ఉంటుంది, ఆరోగ్యమిత్ర అనో, వైద్యమిత్ర అనో అంటారు. ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాల్సొస్తే డబ్బు కట్టకముందే ఆ బల్ల దగ్గరికి వెళ్ళండి. కట్టిన తర్వాత వెళ్తే వినేవాళ్ళు తక్కువ. హైదరాబాదు కాంట్రాక్టరు కూలిలో ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కింద ఏమైనా కోసేవాడా అని కూడా మీ ఆయన్ని అడగండి, కోసి ఉంటే ఆయనకో నంబరు ఉంటుంది.

ఏజెంటు మాట వినకండి. కొత్త పాలసీకి ప్రమాదాలు తప్ప మొదటి ముప్పై రోజులు దేనికీ డబ్బు రాదు. పాలసీ కంటే ముందున్న జబ్బుకి మూడేళ్ళ దాకా ఆగమనొచ్చు. తొమ్మిది కిలోలు తగ్గిన సంగతి దాచిపెట్టి సంతకం పెడితే, రేపు క్లెయిమ్ దగ్గర వాళ్ళు ఆ ఆర్ఎంపీ చీటీ కూడా తవ్వి తీస్తారు. ఏజెంటు చెప్పినట్టు టెస్టులు వాయిదా వేస్తే అతనికి కమీషన్ వస్తుంది, మీ ఆయనకి ఇంకో మూడు కిలోలు పోతాయి.

దగ్గితే రక్తం పడినా, మలం నల్లగా పోయినా, ఆగకుండా వాంతులైనా, కళ్ళు పచ్చబడినా, ఆయాసంతో మాట తడబడినా వెళ్దామనుకున్న రోజు కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి.

అన్ని టెస్టులూ చేసి ఏమీ దొరకలేదంటే? అలా కూడా జరుగుతుంది, దాదాపు నలుగురిలో ఒకరికి మొదటిసారి కారణం దొరకదు. అంటే ఏమీ లేదని కాదు, ఇంకా కనబడలేదని. నెలనెలా తూచి రాసుకుని మూడు నెలలకి మళ్ళీ వెళ్ళాలి. పళ్ళు కూడా చూపించండి. దవడ పళ్ళు రెండువైపులా పోయి, ముద్ద నమల్లేక చిక్కిపోయినవాళ్ళకి స్కాన్లు చేసిన సందర్భాలున్నాయి.

ఇక ఆయన్ని కదిలించడం. “నాకేటవలేదు” అనే మగవాడికి చాలాసార్లు ఏదో అయిందని మీకంటే ముందే తెలిసి ఉంటుంది. వాదించకండి, ఏడవకండి, ఊళ్ళో కాన్సర్‌తో పోయినవాళ్ళ కథలు చెప్పకండి. మీ అత్తగారిని వాడుకోండి. నవ్వులాటకి అనడం లేదు. నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే మన శ్రీకాకుళం, విజయనగరం ఆడవాళ్ళకి అంగిట్లో కాన్సర్ వస్తుంది. మన తీరంలో ఈ సంగతి దశాబ్దాలుగా డాక్టర్లందరికీ తెలుసు. ఆవిడ నోరు తెరిపించి అంగిలి చూపించాలి. ఎప్పుడూ చూపించి ఉండరు. తెల్లమచ్చలో, ఎర్రటి చుక్కలో, పుండో ఉంటే వెంటనే పట్టించుకోవాలి. ఆవిడకి డెబ్బై దాటి ఉంటే 2024 అక్టోబరు నుంచి కేంద్రం ఆదాయంతో పని లేకుండా 5 లక్షల ఆయుష్మాన్ కార్డు ఇస్తోంది, సచివాలయంలో అదీ అడగండి. కాబట్టి “అమ్మ నోరు చూపించాలి, నేనొక్కదాన్ని తీసుకెళ్ళలేను, తోడు రండి” అనండి. తల్లి కోసమంటే వస్తారు. వచ్చాక ఆవిడ చేతే చెప్పించండి, “నాన్నా, నువ్వు కూడా సూపించుకో, నేను సూపించుకున్నాను కదా.” ఆ దిష్టి తీసే చేతికే ఓపీ చీటీల పని కూడా అప్పజెప్పండి, తనకొకటి, కొడుక్కొకటి తీయించమని.

సోమవారం పెందలాడే వెళ్ళండి. ఆధార్లు, బియ్యం కార్డు, బిళ్ళల అట్టలు, పరగడుపు, ఇడ్లీ డబ్బా. ఇంటి దగ్గర ఆ ధాన్యం కాటా మీదే ఆదివారం సాయంత్రం మరోసారి తూయండి, చెప్పులు విప్పించి, జేబులో ఫోనూ బీడీ కట్టా తీసేయించి. వచ్చిన అంకె చీటీ మీద తారీఖుతో రాయండి. రిపోర్టులు వచ్చాక క్రియాటినిన్, షుగర్, కళ్ళె ఫలితం, ఈ మూడూ నాకు రాసి పంపండి.